డిస్క్ లేని సినిమాకు డిస్క్ ధరెందుకు: 2006-08 అమెరికా డౌన్‌లోడ్ అమ్మకాలు, మన 34 రూపాయల డీవీడీ

సినిమా హక్కుల ఒప్పందాలు రాయించడం, వాటి ధరల లెక్కలు కట్టడం నా వృత్తి. చదివింది కాస్ట్ అకౌంటెన్సీ. నా దగ్గరకు వచ్చేవాళ్లలో పెద్ద బ్యానర్లు తక్కువ. చిన్న నిర్మాతలు, తాతల నాటి సినిమాల నెగెటివ్ హక్కులు చేతిలో మిగిలిన కుటుంబాలవాళ్లు ఎక్కువ. ఆన్‌లైన్‌లో సినిమా అమ్మకానికి పెట్టే మాట రాగానే రెండు ప్రశ్నలు వస్తాయి. కొనేవాళ్లది ఒకటి: "డిస్క్ లేదు, డబ్బా లేదు, లారీ కిరాయి లేదు. మరి డీవీడీ రేటే ఎందుకు కట్టాలి?" అమ్మేవాళ్లది ఇంకొకటి: "ఖర్చు లేదు కాబట్టి ఎంత తక్కువకిచ్చినా లాభమే కదా సార్?"

రెండు ప్రశ్నల వెనకా ఒకటే నమ్మకం ఉంది: ధర ఖర్చులోంచి పుడుతుందని. డౌన్‌లోడ్ సినిమా ధర ఏనాడూ అలా పుట్టలేదు. అది డిస్క్ ధరలోంచి పుట్టింది. ఇంకా సూటిగా చెప్పాలంటే డిస్క్ అమ్మే దుకాణదారుడి కోపంలోంచి పుట్టింది. ఇది కళ్లకు కట్టినట్టు కనపడే చోటు 2006 నుంచి 2008 వరకు అమెరికా మార్కెట్. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు మొదట ఈ కేసే చెబుతాను.

డిస్క్ ధర కూడా ఒకరు పెట్టిందే

డీవీడీ రాకముందు అమెరికాలో కొత్త సినిమా వీహెచ్ఎస్ టేపు ధర 80 డాలర్లకు అటూ ఇటూ ఉండేది. టేపు తయారీ అంత ఖరీదై కాదు. దాన్ని కొనేది అద్దె దుకాణం. ఒక టేపును డజన్ల మందికి అద్దెకిస్తారు కాబట్టి, ఆ అద్దెల్లో తమ వాటా ముందే గుంజుకోవాలని స్టూడియోలు ఆ ధర పెట్టాయి. మామూలు మనిషి టేపు కొనుక్కోవాలంటే ధర తగ్గే దాకా నెలల తరబడి ఆగాల్సిందే.

1997లో డీవీడీ వచ్చినప్పుడు వార్నర్ హోమ్ వీడియో అధిపతి వారెన్ లీబర్‌ఫార్బ్ ఈ పద్ధతిని తిరగేశాడు. మొదటి రోజు నుంచే ఇంటింటా కొనుక్కునే ధరకు, అంటే ఇరవై పాతిక డాలర్లకు అమ్మాలని పట్టుబట్టాడు. అద్దె దుకాణాన్ని పక్కకు తప్పించి నేరుగా కుటుంబానికి అమ్మడమే ఆయన ఎత్తు. పదేళ్లు తిరక్కుండానే హాలీవుడ్‌కు థియేటర్ వసూళ్లకన్నా డీవీడీ రాబడి పెద్దదైంది. సరుకు అదే సినిమా. తయారీ ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ధరలో మాత్రం నాలుగింతల తేడా. ఎవరికి అమ్ముతున్నాం అన్నది మారితే ధర మారిపోయింది.

ఈ కథలో రెండో మనిషి ఇక్కడే లోపలికి వచ్చాడు. కుటుంబానికి నేరుగా అమ్మాలంటే కుటుంబం వెళ్లే దుకాణం కావాలి. ఆ దుకాణం వాల్‌మార్ట్. 2006 నాటికి అమెరికాలో అమ్ముడయ్యే డీవీడీల్లో సుమారు 40 శాతం ఆ ఒక్క సంస్థ చేతుల మీదుగా పోయేవి.

2006లో పక్కపక్కన నిలిచిన ధరలు

ఆ ఏడాది ఏప్రిల్‌లో మూవీలింక్ అనే సంస్థ సినిమాలను డౌన్‌లోడ్ చేసి ఉంచుకునేలా అమ్మడం మొదలుపెట్టింది. దాని యజమానులు ఎంజీఎం, పారమౌంట్, సోనీ, యూనివర్సల్, వార్నర్. అంటే స్టూడియోలే స్వయంగా తెరిచిన కొట్టు. కొత్త సినిమాకు 20 నుంచి 30 డాలర్లు పెట్టారు. ఆ ఫైలును డిస్క్ మీద రాసుకున్నా ఇంట్లో డీవీడీ ప్లేయర్‌లో ఆడదు, కంప్యూటర్ ముందు కూర్చునే చూడాలి. వాల్‌మార్ట్‌లో అదే సినిమా డిస్క్ పదిహేను పదహారు డాలర్లకే దొరికేది. తక్కువ పనికొచ్చే సరుకుకు ఎక్కువ ధర. ఈ ధర చూసిన వాళ్లెవరికైనా ఇది నిజంగా అమ్ముడుపోవాలని పెట్టిన ధర కాదని అర్థమవుతుంది. డిస్క్ వ్యాపారానికి దెబ్బ తగలకూడదని కట్టిన గోడ అది.

సెప్టెంబర్ 12న ఆపిల్ తన ఆన్‌లైన్ దుకాణం ఐట్యూన్స్‌లో సినిమాలు పెట్టింది. 75 పైచిలుకు సినిమాలు, అన్నీ డిస్నీ గొడుగు కిందివే. కొత్త సినిమా ముందస్తు ఆర్డర్ ఇచ్చినా, మొదటి వారంలో కొన్నా 12.99 డాలర్లు, తర్వాత 14.99. పాతవి 9.99. డిస్నీ ఒక్కటే ముందుకు రావడానికి పైకి కనపడే కారణం ఆపిల్ అధిపతి, యానిమేషన్ సంస్థ పిక్సార్‌కు ప్రధాన యజమాని అయిన స్టీవ్ జాబ్స్. ఆ ఏడాదే డిస్నీ 740 కోట్ల డాలర్లకు పిక్సార్‌ను కొంది, దాంతో ఆయన డిస్నీలో అతిపెద్ద వ్యక్తిగత వాటాదారుడయ్యాడు. ఇంకో కారణం కూడా ఉందని నా అభిప్రాయం. డిస్నీ సరుకులో ఎక్కువ భాగం పిల్లల సినిమాలు. పెద్దలు సినిమాను ఒకసారి చూసి వదిలేస్తారు, పిల్లలు చూసిందే చూస్తారు. అద్దెకన్నా కొనుక్కోవడం గిట్టుబాటయ్యే ఇల్లు పిల్లలున్న ఇల్లే.

సరుకు నాణ్యత కూడా చూడాలి. ఐట్యూన్స్ ఫైలు 640 x 480 చుక్కల బొమ్మ. డీవీడీ 720 x 480, పైగా ఆరు ఛానళ్ల శబ్దం, తెర వెనుక కబుర్లు, వదిలేసిన సీన్లు. ఐట్యూన్స్‌లో అవేవీ లేవు. గిగాబైటుంబావు ఫైలు 5 ఎంబీపీఎస్ లైను మీద దిగడానికి అరగంట పైనే పడుతుంది. దాన్ని టీవీలో చూపించే ఆపిల్ పెట్టె మరుసటి ఏడాది మార్చికి గాని మార్కెట్లోకి రాలేదు.

8 డాలర్ల లెక్క

మొదటి వారం గడిచాక డిస్నీ అధిపతి బాబ్ ఐగర్ ఒక లెక్క బయటపెట్టాడు: వారం లోపే 1,25,000 డౌన్‌లోడ్లు, సుమారు 10 లక్షల డాలర్ల రాబడి. నా శిష్యులకు ఈ రెండు అంకెలు ఇచ్చి భాగించమంటాను. సినిమాకు 8 డాలర్లు వస్తుంది.

ఐట్యూన్స్‌లో అతి తక్కువ ధరే 9.99. సగటు 8 అంటే అది కొనేవాడు కట్టిన ధర కాదు, డిస్నీ చేతికి అందిన సొమ్మని అనుకోవాలి. ఇక రెండో అంకె. కొత్త డీవీడీని స్టూడియోలు దుకాణాలకు 17 డాలర్ల దరిదాపు టోకు ధరకు ఇస్తున్నాయని, ఆపిల్‌కు డిస్నీ కొత్త సినిమాలను 14 డాలర్ల పైచిలుకుకు ఇస్తోందని అప్పటి వాణిజ్య పత్రికలు రాశాయి. కొత్త సినిమా మీద 14 వస్తూ సగటు 8 దగ్గర నిలిచిందంటే, అమ్ముడైన వాటిలో ఎక్కువ భాగం పాత సినిమాలే అయ్యుండాలి. ఇది నా ఊహే అయినా అంకెలు అటే చూపిస్తున్నాయి. జనం కొత్త సినిమాకు డిస్క్ కొనుక్కుంటూ, దుకాణం బీరువాలో వెతికినా దొరకని పాత సినిమాకు డౌన్‌లోడ్ వైపు వచ్చారు. పాత నెగెటివ్‌లు చేతిలో ఉన్న మన కుటుంబాలకు ఈ కేసు మొత్తంలో అన్నిటికన్నా పనికొచ్చే అంకె ఇదే.

టోకు 14 పైచిలుకైతే మొదటి వారం 12.99కు అమ్మిన ప్రతి కాపీ మీదా ఆపిల్‌కు నష్టమే. ఆ నష్టం వాళ్లు తెలిసే భరించారు, ఐపాడ్ అమ్మకాల్లో రాబట్టుకున్నారు. వాల్‌మార్ట్ చేస్తున్నదీ అచ్చం అదే. పదిహేడుకు తెచ్చిన డీవీడీని పదిహేనుకు ఎదురుగా పేర్చి, దానికోసం వచ్చిన మనిషి చేత పాలు, సబ్బులు, బట్టలు కొనిపించేది. సినిమా ఇద్దరికీ ఎర. ఆ ఎర ధరకూ, లోపలున్న సరుకు ఖర్చుకూ సంబంధం లేదు.

దుకాణదారులు ఎదురు తిరిగిన తీరు

ఆపిల్ ధరలు చూసి ముందు గొంతు విప్పింది వాల్‌మార్ట్ లాంటిదే ఇంకో పెద్ద దుకాణాల సంస్థ టార్గెట్. దాని అధ్యక్షుడు గ్రెగ్ స్టైన్‌హేఫెల్ ఆ శరదృతువులో స్టూడియోలకు లేఖ రాశాడు. డౌన్‌లోడ్‌కు తక్కువ టోకు ధర ఇస్తూ మాకు ఎక్కువ వేస్తే, డీవీడీలకు మేం కేటాయిస్తున్న చోటు గురించి పునరాలోచించుకోవాల్సి వస్తుందన్నది దాని సారాంశం. వాల్‌మార్ట్ కూడా స్టూడియోల మీద ఒత్తిడి పెడుతోందని వార్తలొచ్చాయి. డిస్నీ తప్ప మిగతా పెద్ద స్టూడియోలు కొత్త సినిమాలతో ఐట్యూన్స్ గడప తొక్కడానికి ఏడాదిన్నర పైగా తటపటాయించాయి. రాబడిలో 40 శాతం తెచ్చే అంగడిని కాదని, వారానికి పది లక్షల డాలర్లు తెచ్చే కొత్త కొట్టుకు ఎవరు పోతారు?

వాల్‌మార్ట్ అంతటితో ఆగలేదు, తనే డౌన్‌లోడ్ అమ్మకంలోకి దిగింది. 2006 నవంబర్ చివర్లో సూపర్‌మ్యాన్ రిటర్న్స్ డీవీడీ కొన్నవాళ్లకు అదే సినిమా ఫైలును అదనంగా ఇచ్చింది. చేతిలో పట్టే పరికరానికైతే 1.97 డాలర్లు, కంప్యూటర్‌కైతే 2.97, రెండిటికీ కలిపి 3.97. ఈ ధరలో ఉన్న మాట స్పష్టం: అసలు సరుకు డిస్క్, ఫైలు దానికి తోక.

2007 ఫిబ్రవరిలో ఆరు పెద్ద స్టూడియోల సినిమాలతో వాల్‌మార్ట్ పూర్తి డౌన్‌లోడ్ దుకాణం తెరిచింది. కొత్త సినిమాలు 12.88 నుంచి 19.88 డాలర్లు. టీవీ ఎపిసోడ్ మాత్రం 1.96, ఆపిల్ ధర కన్నా మూడు సెంట్లు తక్కువ. ఈ రెండు నిర్ణయాలను పక్కపక్కన పెట్టి చూడండి. టీవీ ఎపిసోడ్‌లో డిస్క్ వ్యాపారానికి పెద్దగా పోయేదేం లేదు కాబట్టి పోటీ ధర పెట్టింది. సినిమాలో తన అరలోని డిస్క్‌కు గండి పడుతుంది కాబట్టి డిస్క్ ధర దరిదాపుల్లోనే ఉంచింది. అదే సంస్థ, అదే దుకాణం, అదే సర్వర్. ఖర్చును బట్టి ధర అన్న సిద్ధాంతం ఇక్కడ నిలవదు.

ఆ దుకాణం ఏడాది తిరగకుండానే, అదే డిసెంబర్‌లో మూతపడింది. సాంకేతికత సమకూర్చిన కంప్యూటర్ల కంపెనీ హెచ్‌పీ దాన్ని ఆపేసింది. ఫైళ్లు ఐపాడ్‌లో ఆడవు, మ్యాక్‌లో ఆడవు. కొన్నవాళ్లకు మిగిలిందేమిటంటే, ఏ కంప్యూటర్‌లోకి దించుకున్నారో ఆ కంప్యూటర్ బతికున్నంత కాలం చూసుకోవచ్చు. ఇంకో దాంట్లోకి మార్చుకునే వీల్లేదు.

2008 మే 1న ముడి వీడింది. పెద్ద స్టూడియోలన్నీ కొత్త సినిమాలను డీవీడీ వచ్చిన రోజే ఐట్యూన్స్‌లో పెట్టడానికి ఒప్పుకున్నాయి. కొత్తవి 14.99, పాతవి 9.99. ఏ ధర దగ్గర రాజీ పడ్డారో గమనించాలి: వాల్‌మార్ట్ అరలో డీవీడీ ఏ ధరకు దొరుకుతుందో దాదాపు అక్కడే. రెండేళ్ల పెనుగులాట తర్వాత డౌన్‌లోడ్ ధర వచ్చి డిస్క్ ధర పక్కన కూర్చుంది, దాని కిందకు పోలేదు.

మరి ఆదా అయిన ఖర్చు ఎక్కడికి పోయింది

డిస్క్ ముద్రించి, డబ్బాలో పెట్టి, కవరు చుట్టడానికి అయ్యేది టోకు ధరలో చిన్న భాగం. అది మిగిలినంత మాత్రాన ధర సగానికి పడదు. డౌన్‌లోడ్‌లో నిజంగా తప్పే ఖర్చు వేరు: వాపసులు. దుకాణాల్లో అమ్ముడుపోని డిస్కులు పంపిణీదారుకు తిరిగొస్తాయి. వాటి రవాణా, గోదాము అద్దె, చివరికి చెత్త ధరకు వదిలించుకోవడం నిర్మాత నెత్తిన పడతాయి. రెండు వేలు అమ్ముడయ్యే సినిమాకు ఐదు వేలు కొట్టించడం వీడియో వ్యాపారంలో మామూలే. ఫైలుకు ఆ బాధ లేదు, అడిగినప్పుడే కాపీ పుడుతుంది.

ఈ ఆదాలో పెద్ద వాటా పెద్ద సినిమాకు రాదు. ఎన్ని కాపీలు పోతాయో ముందే తెలిసిన సినిమాకు వాపసులు తక్కువ. ఎన్ని పోతాయో ఎవరికీ తెలియని పాత సినిమాకు, చిన్న సినిమాకు అది ప్రాణం పోసే ఆదా. అందుకే కొత్త పెద్ద సినిమా డౌన్‌లోడ్ ధర డిస్క్ ధరకు దగ్గరగా ఉండటంలో నాకు తప్పు కనపడదు. పాత సినిమాకు కూడా అదే ధర వేస్తే మాత్రం తప్పుపడతాను.

మన దగ్గర 28 రూపాయలు, 34 రూపాయలు

అమెరికాలో డిస్క్ ధర డౌన్‌లోడ్‌ను పైకి లాగింది. సరిగ్గా అదే సమయంలో మన దేశంలో డిస్క్ ధర డౌన్‌లోడ్‌కు చోటే లేకుండా చేసింది.

ఖాళీ సీడీలు, డీవీడీలు తయారు చేసి ప్రపంచమంతా ఎగుమతి చేసే మోసర్ బేర్ 2007లో సినిమా డిస్కుల అమ్మకంలోకి వచ్చింది. పాత సినిమాల హక్కులు వేలల్లో, అన్ని భాషల్లోనూ, తెలుగుతో సహా కొనిపెట్టుకుంది. వీసీడీ 28 రూపాయలు, డీవీడీ 34. అప్పటిదాకా అసలు వీసీడీ వంద రూపాయల దాకా, డీవీడీ కొన్ని వందలు ఉండేది. ఇవి మన వీడియో కంపెనీల ధరలను చూసి పెట్టినవి కావు. ఫుట్‌పాత్ మీద పైరసీ డిస్క్ ఎంతకు దొరుకుతుందో చూసి, దాని పక్కన నిలబెట్టిన ధరలు. 34 రూపాయలంటే అప్పటి మారకంలో ఒక డాలరు కూడా కాదు.

విజయవాడ గాంధీనగర్‌లో సినిమా పంపిణీ ఆఫీసుల మధ్య క్యాసెట్ల కాలం నుంచి వీడియో వ్యాపారం చేసిన ఒక పెద్దాయన ఆ రోజుల గురించి నాతో అన్నమాట: "రంగు కవరు, కంపెనీ బిల్లు, కిరాణా కొట్లో దొరుకుతుంది. ముప్పై నాలుగు. మన దగ్గర అదే సినిమా నూటపాతిక. ఎవరికి చెప్పుకుంటాం బాబూ?" మిగతా కంపెనీలన్నీ ధరలు దించక తప్పలేదు.

ఆ ధర ఎలా సాధ్యమైంది? మోసర్ బేర్‌కు డిస్క్ సొంత ఫ్యాక్టరీ సరుకు. పాత సినిమాల వీడియో హక్కులను మన నిర్మాతలు అప్పట్లో అవుట్‌రేట్‌కి, ఒకేసారి ఇంత అని తీసుకుని రాసిచ్చేవాళ్లు. కాపీకి ఇంత అన్న రాయల్టీ ఉంటే 34లో ఇమడదు. శాటిలైట్ హక్కుల మీదే నిర్మాతల చూపంతా ఉండేది, వీడియో సొమ్మును అదనపు రాబడిగా చూసేవాళ్లు. చవక డిస్క్ వెనక చవకగా రాసిచ్చిన హక్కులున్నాయి.

ఇక డౌన్‌లోడ్. అప్పట్లో మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అంటే ప్రభుత్వ నిర్వచనం ప్రకారం 256 కేబీపీఎస్. ఐట్యూన్స్ సినిమా లాంటి గిగాబైటుంబావు ఫైలు ఆ వేగంతో దిగడానికి పది గంటల పైనే కావాలి. నెలవారీ పరిమితి దాటితే ఎంబీకి ఇంతని మీటరు తిరిగేది. బీఎస్ఎన్ఎల్‌లో రాత్రి 2 నుంచి ఉదయం 8 దాకా ఉచితం కాబట్టి చాలామంది అలారం పెట్టుకుని లేచి డౌన్‌లోడ్ మొదలుపెట్టేవాళ్లు. ఆ ఆరు గంటల్లో ఒక సినిమా పూర్తవదు, రెండో రాత్రి కూడా కావాలి. వీధి చివర 34 రూపాయలకు డిస్క్ దొరుకుతుంటే చట్టబద్ధమైన డౌన్‌లోడ్‌ను ఎంతకు అమ్ముతారు? పదిహేనుకు అమ్మినా కరెంటు, నెట్ కలిపి డిస్క్ కన్నా ఎక్కువే పడుతుంది.

ఐట్యూన్స్ సినిమా దుకాణం 2012 డిసెంబర్‌లో మన దేశానికి వచ్చే నాటికి డిస్క్ కొనే అలవాటు సన్నగిల్లింది, డౌన్‌లోడ్ కొనే అలవాటు పుట్టనే లేదు. ఆ తర్వాత నెలవారీ చందా వేదికలు వచ్చాయి. అమెరికా ప్రేక్షకుడు టేపు, డిస్క్, డౌన్‌లోడ్, చందా అని మెట్టుమెట్టుగా వచ్చాడు. మన ప్రేక్షకుడు డిస్క్ నుంచి నేరుగా చందాకు దూకాడు. మధ్యమెట్టు లేకపోవడానికి నెట్ వేగం ఎంత కారణమో 34 రూపాయల డిస్క్ కూడా అంతే కారణమని నేను గట్టిగా నమ్ముతాను. మోసర్ బేర్ కూడా నిలవలేదు. 2018లో కంపెనీ ఆస్తులు అమ్మి అప్పులు తీర్చమని కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ ఆదేశించింది. దాని పతనానికి సౌర విద్యుత్ పెట్టుబడులు, పడిపోయిన ఖాళీ డిస్కుల గిరాకీ పెద్ద కారణాలు, సినిమా ధరలను ఒక్కటే బాధ్యుణ్ని చేయడం న్యాయం కాదు.

కొన్నవాడి చేతిలో ఏముంది

కొనేవాళ్ల ఫిర్యాదులో ఖర్చు లెక్క తప్పు కావచ్చు గానీ ఫిర్యాదు మాత్రం సబబే. వాళ్లు ప్లాస్టిక్ లేదని అంటున్నారు, అసలు లేనిది హక్కు.

డిస్క్ కొన్నవాడు దాన్ని చెల్లెలికిస్తాడు, పక్కింటివాళ్లకు అరువిస్తాడు, మోజు తీరాక అమ్మేసుకుంటాడు. అమెరికాలో పాత డీవీడీల అంగడి పెద్దది. 15 డాలర్లకు కొని, చూసి, 5 డాలర్లకు అమ్మేసిన వాడికి సినిమా నికరంగా పడింది 10. డౌన్‌లోడ్ 14.99కు కొన్నవాడికి పడింది 14.99. అంకె ఒకటే అయినా ధర ఒకటి కాదు. కొన్న డిజిటల్ కాపీని మళ్లీ అమ్ముకోవచ్చా అన్నది పాటల ఫైళ్ల విషయంలో రీడిజి అనే సంస్థ మీద కాపిటల్ రికార్డ్స్ వేసిన కేసులో తేలింది. 2013లో కింది కోర్టు, 2018లో అప్పీలు కోర్టు కుదరదన్నాయి. ఫైలు చేతులు మారినప్పుడల్లా కొత్త కాపీ పుడుతుందన్నది ఆ తీర్పులకు ఆధారం.

పైగా స్టూడియోలే ఫైలు విలువను తగ్గించి చూపించాయి. బ్లూ-రే, డీవీడీ, సినిమా ఫైలు దించుకునే డిజిటల్ కోడ్ మూడూ ఒకే డబ్బాలో పెట్టి అమ్మారు. ఉచితంగా వచ్చిన దానికి రేపు 15 డాలర్లు అడిగితే ఎవరిస్తారు? రెడ్‌బాక్స్ అనే అద్దె సంస్థ ఆ డబ్బాలు కొని, విప్పి, కోడ్‌లను విడిగా అమ్మకానికి పెట్టింది. డిస్నీ దావా వేసింది. 2018 ఫిబ్రవరిలో మొదట న్యాయమూర్తి డిస్నీ అడిగిన నిలుపుదల ఉత్తర్వు ఇవ్వలేదు. డిస్నీ కోడ్ నిబంధనల మాటలు మార్చుకున్నాక అదే ఏడాది ఆగస్టులో ఇచ్చాడు. ధర ఎంత అన్న ప్రశ్నకు జవాబు ఒప్పందంలోని ఒకటి రెండు వాక్యాల్లో ఉంటుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ముందుగా ఇస్తే

హక్కు తగ్గినప్పుడు ధర తగ్గించాలి, లేదా ఇంకేదైనా కలపాలి. ట్వంటీయత్ సెంచరీ ఫాక్స్ 2012లో రెండూ చేసింది. హెచ్‌డీ డౌన్‌లోడ్‌ను 20 డాలర్ల నుంచి 15 లోపుకు దించింది, డిస్క్ కన్నా మూడు వారాల ముందే అమ్మకానికి పెట్టింది. మూడు వారాలు ముందు చూడటానికి తిరిగి అమ్ముకునే హక్కు వదులుకోమంటే చాలామంది సరేనంటారు. త్వరలోనే మిగతా స్టూడియోలు అదే బాట పట్టాయి. డౌన్‌లోడ్‌కు డిస్క్ దగ్గర లేని సుగుణం ఒకటి దొరికింది, ధరకు ఒక ఆధారం దొరికింది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు నచ్చిన నిర్ణయం ఇదే.

నా దగ్గర లెక్క కట్టే తీరు

ఇప్పుడు మన పనికి వద్దాం. పాత తెలుగు సినిమా హక్కులున్న కుటుంబం వచ్చి అమ్మకం ధర ఎంత పెట్టాలని అడిగితే, నేను ముందు అద్దె ధర నిర్ణయిస్తాను. డిస్క్ దాదాపు లేని మార్కెట్‌లో కొనుగోలు ధరను కొలిచే కర్ర అద్దె ధరే. అమెరికాలో 2008లో ఐట్యూన్స్ అద్దె కొత్త సినిమాకు 3.99, కొనుగోలు 14.99. అంటే నాలుగుసార్లు చూస్తే గాని కొనడం గిట్టదు. నాలుగుసార్లు చూసే సినిమాలు మన జాబితాలో ఎన్ని ఉంటాయి? పండక్కి ఇంటిల్లిపాదీ పెట్టుకునే పౌరాణికం, పెద్ద హాస్య చిత్రం, పిల్లలు అడిగి చూసేవి. మిగతా సినిమాలకు నేను మూడింతలకు మించనివ్వను.

ఉదాహరణకు అద్దె 50 రూపాయలు, కొనుగోలు 149 అనుకుందాం. రెండిట్లోనూ 18 శాతం జీఎస్‌టీ కలిసే ఉంది. వేదికతో వాటా 70-30 అనుకుందాం. 149లో పన్ను పోతే 126 రూపాయల 27 పైసలు, వేదిక వాటా పోగా నిర్మాతకు 88 రూపాయల 39 పైసలు. అద్దె 50లో ఇదే పద్ధతిన మిగిలేది 29 రూపాయల 66 పైసలు. నెగెటివ్ స్కానింగ్, మరకలు తుడవడం, సబ్‌టైటిళ్లు, పోస్టరు కలిపి రెండు లక్షలైందనుకుంటే, అది తిరిగి రావడానికి 2,263 కొనుగోళ్లు కావాలి, లేదా 6,743 అద్దెలు. ఈ రెండు అంకెలు కాగితం మీద రాసి చూపించగానే "ఖర్చు లేని వ్యాపారం" అన్న మాట ఆగిపోతుంది. ఖర్చు ఉంది, కాకపోతే కాపీకి కాదు, సినిమాకు.

తర్వాత మేం చూసేది ఆ సినిమా ఎక్కడెక్కడ ఉచితంగా దొరుకుతోందని. యూట్యూబ్‌లో ఎవరో అవుట్‌రేట్ హక్కుల మీద పెట్టిన మసక ప్రింటు ఉంటే, 2007లో మన వీడియో కంపెనీలకు ఫుట్‌పాత్ డిస్క్ ఎలాంటిదో ఇప్పుడు ఇదీ అలాంటిదే. దానికన్నా స్పష్టంగా మెరుగైన బొమ్మ, శబ్దం ఇవ్వలేకపోతే కొనుగోలు ధర పెట్టడం దండగ. మెరుగైన ప్రింటు ఉంటే అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఆయా దేశాల ధర విడిగా పెట్టమంటాను. ఒకప్పుడు భారతీయ కిరాణా కొట్లలో తెలుగు డీవీడీలు కొన్నది వాళ్లే, డిస్క్ ధర వాళ్లకు గుర్తుంది. డిజిటల్ ధర అంతకు సగం ఉంటే కొంటారు.

ఒప్పందంలో నేను వదలని షరతులు కొన్ని. ధర ఎంత దాకా తగ్గించవచ్చో కింది హద్దు రాయాలి. పండగ తగ్గింపులో కొనుగోలు ధర అద్దె ధరకు రెండింతల కన్నా తగ్గకూడదు, తగ్గితే ఆ సినిమాకు మళ్లీ అద్దెలు రావు. ఏ చందా వేదికకు ఇస్తున్నా కొనుగోలు అమ్మకం ఆగకూడదు.

చివరి షరతు మీదే అవతలివాళ్లతో ఎక్కువ వాదన నడుస్తుంది: దుకాణం మూతపడితే కొన్నవాళ్ల సంగతి. స్టూడియోలు కూడబలుక్కుని పెట్టిన అల్ట్రావయొలెట్ అనే డిజిటల్ బీరువా 2019 జూలై 31న మూతపడింది. ముందే వేరే ఖాతాకు కలుపుకున్నవాళ్ల సినిమాలు చాలావరకు నిలిచాయి. సోనీ ప్లేస్టేషన్‌లో కొన్న స్టూడియోకెనాల్ అనే సంస్థ సినిమాలు 2022 ఆగస్టులో జర్మనీ, ఆస్ట్రియా ఖాతాల్లోంచి మాయమయ్యాయి. ఇది నిజమైన కొనుగోలు కాదు, అనుమతి మాత్రమేనని ముందే స్పష్టంగా చెప్పాలంటూ కాలిఫోర్నియా చేసిన చట్టం 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మన నిర్మాతకు అంత దూరం అక్కర్లేదు. వేదిక మూసేసే ముందు కొన్నవాళ్లకు తాళం లేని, ఏ పరికరంలోనైనా ఆడే ఫైలు దించుకునే గడువు ఇవ్వాలి, లేదా ఇంకో వేదికకు వాళ్ల ఖాతా మార్చాలి. దీనికి ఒప్పుకున్న వేదికకు 30 బదులు 32 శాతం వాటా ఇచ్చినా నష్టం లేదని చెబుతాను. ఒప్పుకోకపోతే అక్కడ సినిమాను అద్దెకే ఉంచమంటాను, అమ్మకానికి పెట్టనివ్వను.